మందమైన ఇనుప పలకైతే చాలన్న మాటకు ఖండన

ఆరుబయట ఉక్కు పలకలు పెట్టుకుని తుపాకీ గురి సాధన చేసేవారి మధ్య ఒక సలహా విరివిగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: ఇనుప పలక ఏదైనా ఫరవాలేదు, మందంగా ఉంటే చాలు, గ్యాస్ కటింగ్‌తో కావలసిన ఆకారానికి కోయించుకోవచ్చు, గొలుసు కట్టి నిటారుగా వేలాడదీయాలి, గుంటలు పడితే వెల్డింగ్‌తో పూడ్చి గ్రైండరు పట్టిస్తే పలక మళ్లీ కొత్తదవుతుంది, తుప్పు పట్టకుండా గ్రీజు పూయాలి, గాలి తుపాకీ ఉక్కు పూసలు చిన్నవి కనుక వాటితో భయం లేదు. ఇందులో వేలాడదీయాలన్న ఒక్క మాట సరైనది. తక్కినవన్నీ పలక ముఖం గట్టిగా, చదునుగా ఉండాలన్న అసలు అవసరాన్ని పక్కన పెట్టి చెప్పినవి.

మొదట మందం సంగతి. మామూలు ఎంఎస్ ప్లేటు, అంటే మెత్తని మైల్డ్ స్టీల్ పలక, బ్రినెల్ కాఠిన్యం దాదాపు 120 నుంచి 160 వరకు ఉంటుంది. గురి పలకలకు వాడే ఏఆర్ 500 రకం ఉక్కుది 500 చుట్టుపక్కల ఉంటుంది. ఈ అంకె ఎలా పుట్టిందో తెలిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది. 10 మి.మీ. గట్టి గోళీని 3,000 కిలోల బలంతో లోహం మీద నొక్కి, పడిన గుంట వెడల్పును కొలిచి కట్టే లెక్క అది. అంటే ఆ లోహం గుంట పడకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే అంకె. మందం పెంచినంత మాత్రాన అది పెరగదు. 25 మి.మీ. ఎంఎస్ ప్లేటైనా 6 మి.మీ. ఎంఎస్ ప్లేటైనా పైముఖం మెత్తదనం ఒక్కటే. మందం వల్ల గుండు అవతలికి దూసుకుపోదు, పలక తొందరగా వంగదు, అంతే.

గుంట పడితే ఏమవుతుందని అడిగేవారు ముందు పలక పక్కన పాతిన చెక్క గుంజను దగ్గరికి వెళ్లి చూడాలి. కొన్ని వందల గుండ్లు తగిలాక ఆ గుంజ మీద పలక ముఖానికి సరిసమానంగా ఒకే గీతలో, మొద్దు రంపంతో కోసినట్టు, పీచు లేచి ఉంటుంది. ఆ గీతకు జానెడు ముందు చెక్క నున్నగానే ఉంటుంది. గట్టి చదును ముఖానికి కొట్టుకున్న సీసపు గుండు పరుచుకుని, తునకలై, పలక ముఖాన్ని దాదాపు ఆనుకునే నలువైపులకూ చిమ్ముతుందనడానికి ఆ గీతే సాక్ష్యం. అదే గుండు పాత గుంటలో పడితే తునకలు ఆ గుంట గోడవెంట జారి, పళ్లెం అంచున కొట్టిన కుళాయి ధార మన మీదికే ఎగసినట్టు, కాల్చిన మనిషి వైపే తిరిగి వస్తాయి. గుండు పలకను దాటలేదు కనుక క్షేమమేనని సలహా ఇచ్చినవారు అనుకున్నారు. భయపడవలసింది దాటిపోయే గుండుకన్నా వెనక్కి వచ్చే తునకకే.

గుంట తవ్వేది ముఖ్యంగా గుండు వేగం, బరువు కాదు. పాయింట్ 45 ఏసీపీ పిస్టల్ గుండు బరువు సుమారు 15 గ్రాములు, వేగం సెకనుకు దాదాపు 255 మీటర్లు. దాని శక్తి 480 జౌల్స్ వరకు ఉంటుంది. 5.56 మి.మీ. రైఫిల్ గుండు బరువు మూడున్నర గ్రాములే అయినా, పొడవాటి బారెల్ నుంచి సెకనుకు 975 మీటర్ల వేగంతో వెలువడితే దాని శక్తి 1,700 జౌల్స్ దగ్గర ఉంటుంది, పైగా ఆ శక్తి అంతా పిస్టల్ గుండు తగిలే చోటులో నాలుగో వంతులోనే పడుతుంది. ఏఆర్ 500 పలకకు కూడా సెకనుకు 3,000 అడుగులు, అంటే సుమారు 914 మీటర్లు దాటిన వేగం మంచిది కాదని చెప్పేది ఇందుకే. పిస్టల్‌కు కనీసం 10 గజాలు, రైఫిల్‌కు కనీసం 100 గజాలు దూరం పాటించడం, ఉక్కు మొన ఉన్న గుండ్లను అసలు వాడకపోవడం కూడా అంతే ముఖ్యం. పాయింట్ 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాలోని మెత్తని సీసపు గుండుకు మాత్రం ఎంఎస్ ప్లేటు చాలాకాలం నిలుస్తుంది. బహుశా ఆ అనుభవాన్నే అన్ని తుపాకులకూ అంటగట్టడం వల్ల ఈ సలహా పుట్టి ఉంటుంది.

ఇక కోత. కొలిమి పని చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు: కాల్చి చల్లార్చి గట్టిపరచిన ఉలిని మళ్లీ నిప్పులో పెడితే ఆ గట్టిదనం దిగిపోతుంది. ఏఆర్ 500 కూడా ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన ఉక్కే. సుమారు 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. గ్యాస్ మంట కోసిన అంచు పొడవునా వెడల్పాటి మెత్తని పట్టీ మిగులుతుంది, గుండ్లు తగిలినప్పుడు ముందుగా గుంటలు పడేది అక్కడే. నీటి ధారతో కోస్తే ఆ వేడి ఉండదు. లేజరుతో గాని ప్లాస్మాతో గాని కోస్తే మెత్తబడే మేర సన్నగా ఉంటుంది. బోల్టు రంధ్రాలు కూడా ఆ కోతలోనే వేయించుకోవడం మేలు.

గుంటలను వెల్డింగ్‌తో పూడ్చమన్న మాట కూడా ఈ కారణంగానే నిలవదు, నా దృష్టిలో మొత్తం సలహాలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. పూడ్చిన చోట వెల్డింగ్ లోహం వేరు, దాని చుట్టూ వేడికి మెత్తబడిన వలయం వేరు, ఆ పైన పలక అసలు ఉక్కు వేరు. చూపుకు మాత్రం అంతా ఒక్కటిగా, నున్నగా కనిపించి కాల్చేవారికి లేని ధైర్యం ఇస్తుంది. గ్రైండరు కింద మెరుస్తున్న లోహం మొదట గడ్డి రంగుకు, తరువాత నీలానికి తిరగడం చూసే ఉంటారు. నీలం వచ్చిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయినట్టే, అక్కడి గట్టిదనం దిగినట్టే. లేచిన చిన్న ముల్లును చల్లగా, ఆగి ఆగి అరగదీయవచ్చు గాని, గుంటను మాత్రం ఏ పనిముట్టూ మాన్పలేదు.

వేలాడదీయడం మంచిదే, ఎందుకంటే ఊగే పలక దెబ్బలో కొంత భాగాన్ని కదలికగా ఖర్చు చేస్తుంది. నిటారుగా వేలాడదీయమనడమే తప్పు. పలక పై అంచు కాల్చేవారి వైపు 15 నుంచి 20 డిగ్రీలు వాలి, ముఖం కొద్దిగా నేలను చూస్తూ ఉంటే తునకల్లో ఎక్కువ భాగం నేలకే పోతుంది. దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. బోల్టుకు పలక వెనుక వైపు ఒక స్పేసరు తొడిగి, వేలాడే కొక్కేన్ని ముఖానికి కాస్త వెనక్కి జరిపితే, పలక బరువు కొక్కెం కిందికి సర్దుకునే క్రమంలో కింది అంచు తానే వెనక్కి పోతుంది. రెండు చోట్ల కడితే పలక గిర్రున తిరగకుండా ఉంటుంది. బోల్టు తల ముందు వైపు నున్నగా గుండ్రంగా ఉండాలి. మూలలున్న తల తునకలను ఎటైనా మళ్లిస్తుంది. గొలుసు కడితే పలక వెనుక దాగేలా కట్టాలి, ఎందుకంటే ముఖానికి సమంగా చిమ్మే తునకలు దాని లంకెలను కొద్దికొద్దిగా కొరికేస్తాయి. పాత కన్వేయర్ బెల్టు ముక్కలు గాని ఫైర్ హోసు ముక్కలు గాని వాడుకుంటే చిరిగినప్పుడు మార్చుకోవడం తేలిక.

తునకలు నేలకు పోతాయంటే ఆ నేల కూడా మన పనిలో భాగమే. పలక కింద రాళ్లు ఉండకూడదు, ఎండు గడ్డి అసలే ఉండకూడదు. ఉక్కు పలకకు తగిలిన రైఫిల్ గుండ్ల తునకలు ఎండు చెత్తను అంటించగలవని అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. పూర్తిగా రాగితో చేసిన గుండ్లు, ఉక్కు భాగాలున్న గుండ్లు ఆ పరీక్షల్లో ఎక్కువగా నిప్పు రాజేశాయి.

తుప్పు గురించి ఇంత ఆందోళన అనవసరం. పైపైన పట్టిన తుప్పు పలక గట్టిదనాన్ని తగ్గించదు. గ్రీజు పూస్తే దుమ్ము అంటుకోవడం తప్ప లాభం లేదు. సాధనకు ముందు తెల్ల రంగు కొడితే ప్రతి దెబ్బా స్పష్టంగా కనిపిస్తుంది. ఇక గాలి తుపాకీ ఉక్కు పూసలు సీసంలా నలిగిపోవు, వచ్చిన దారినే చాలా వేగంతో ఎగిరి వస్తాయి. కనుక వాటిని ఏ ఉక్కు పలక మీదా కాల్చకూడదు. కంటి అద్దాలు కాల్చే మనిషికే కాక వెనుక నిలబడి చూసేవారికీ ఉండాలి.

చేయవలసిన నిర్వహణ నిజానికి కొద్దిగానే ఉంది. ప్రతిసారీ ముందుగా నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, ఎందుకంటే అదురుకు అవి వదులవుతాయి. తరువాత రంగు వేయకముందే పలక ముఖం మీద అరచేయి ఆనించి నెమ్మదిగా నిమరాలి. కంటికి ఆనని గుంట అంచు చేతికి తగులుతుంది. చేతికి సీసపు పొడి అంటుతుంది కనుక వెంటనే కడుక్కోవాలి. పలక వంగి, పల్లం కాల్చేవారి వైపు ఉంటే తిప్పి కట్టాలి. చేతికి గుంట తగిలినా, పగులు కనిపించినా ఆ పలకను అక్కడికక్కడే దించేయాలి.