ఉద్దానం నర్సులకు పైచదువు కావాలి

శ్రీకాకుళం జిల్లా పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఉద్దానంగా పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల జనం కిడ్నీ జబ్బుతో విశాఖకు పడ్డ తిప్పలు తెలిసినవారెవరైనా ఆ భవనాన్ని చూసి సంతోషిస్తారు. మేమూ సంతోషించాం. కానీ భవనం గురించి, మెషీన్ల గురించి, డాక్టర్ల పోస్టుల గురించి సాగినంత చర్చ, రోగి పక్కన గంటల తరబడి నిలబడే నర్సు చదువు గురించి సాగలేదు.

డయాలసిస్ అంటే ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. రోగి రాగానే నర్సు బరువు చూస్తుంది. కిందటిసారి వెళ్లినప్పటి కంటే ఎంత పెరిగాడన్నదాన్ని బట్టి ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో తేలుతుంది. తర్వాత చేతి మీది ఫిస్టులాపై, అంటే డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోట, వేళ్లు ఆనిస్తుంది. జుమ్మని సన్నని అదురు తగిలితే రక్తం బాగా పారుతున్నట్టు. తగలకపోతే సూది గుచ్చకుండా వెంటనే డాక్టర్‌కు కబురు చేయాలి. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయకూడదు. మూడో గంటలో రోగి అదేపనిగా ఆవలిస్తూ, పిక్కలు పట్టేస్తున్నాయంటే బీపీ పడిపోతోందేమోనని అప్పుడే చూడాలి. అలారం మోగేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఇంటికి పంపేటప్పుడు ఇంకో పరీక్ష. ‘బొండాం నీళ్లు తాగొచ్చా సిస్టరమ్మా?’ కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి అది కాక ఇంకేమడుగుతాడు? కిడ్నీలు చెడిపోయినవారికి పొటాషియం సరిగా బయటికి పోదు. ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. బొండాంలో అది దండిగా ఉంటుంది. వద్దని ఒక్క మాట ఎవరైనా చెబుతారు. ఎందుకు వద్దో, ఎండలో జీడితోట పని చేసొచ్చినవాడు తాగాల్సిన నీళ్ల కొలత దాటకుండా దాహం ఎలా తీర్చుకోవాలో, ఎండుచేపల్లోని ఉప్పు ఏం చేస్తుందో ఇంట్లో వండిపెట్టే ఆవిడకు ఎక్కేలా చెప్పాలంటే నర్సుకు ఆ జబ్బు గురించి లోతుగా తెలిసుండాలి.

నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం, డిగ్రీ అయిన బీఎస్సీ నర్సింగ్ పునాది వేస్తాయి. ఆ పైన ఏం చదవాలో దేశంలో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కిడ్నీ రోగుల సేవకు పోస్ట్ బేసిక్ డిప్లొమా, అంటే నర్సు చదువు అయ్యాక చేసే ప్రత్యేక కోర్సు, ఉంది. ఐసీయూ కోసం రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది, అందులో ఎక్కువ భాగం వార్డులోనే నేర్చుకుంటారు. ప్రసూతి సేవలకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కేంద్రం కొత్త చట్టమూ చేసింది. అన్నీ అనుభవంతో అవే వస్తాయని కొందరు పెద్దలంటారు. అనుభవం విలువను మేం కాదనం. కానీ మొదటి రోజు తప్పు పద్ధతి నేర్పితే పదేళ్లూ ఆ తప్పులోనే చేయి తిరుగుతుంది.

అసలు అడ్డు వేరే చోట ఉంది. కోర్సుకు వెళితే ఆ ఏడాది జీతం సంగతేమిటి? తిరిగొచ్చాక ఏ పోస్టు ఇస్తారు? ఈ రెండింటికీ కాగితం మీద జవాబు లేకపోతే పిల్లల ఫీజులు కట్టుకునే స్టాఫ్ నర్సు ఏ ధైర్యంతో వెళుతుంది? డయాలసిస్ నేర్చుకున్నామెను మరుసటి నెలే ఓపీలో ఇంజెక్షన్ల డ్యూటీకి వేస్తే ఆ చదువుకు ఫలమేముంది? చదివిస్తే గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లిపోతారన్న మాటా వినిపిస్తుంది. కొందరు వెళతారు. మిగతావాళ్లు నిలవాలంటే చదువుకు తగ్గ హోదా, జీతం, ఉండటానికి క్వార్టర్ ఇవ్వాలి.

కిడ్నీ నర్సింగ్ డిప్లొమాను శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల తోడ్పాటుతో పలాస ఆసుపత్రిలోనే నడపాలని మేం కోరుతున్నాం. చదివినంత కాలం జీతం ఆగకూడదు. పూర్తి చేసినవారిని కనీసం అయిదేళ్లు డయాలసిస్ విభాగం నుంచి కదపకూడదు. సీట్లలో సగమైనా ఉద్దానం డయాలసిస్ కేంద్రాల్లో ఇప్పటికే పనిచేస్తున్న నర్సులకు ఇవ్వాలి, కాంట్రాక్టు మీద ఉన్నవారితో సహా.