సవరణ: ఫిలిప్పీన్స్ సైన్స్ స్కాలర్‌షిప్ షరతు గురించి

ఫిలిప్పీన్స్ సైన్స్, టెక్నాలజీ శాఖ స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లంతా చదువయ్యాక బడిలో పాఠాలు చెప్పాల్సిందేనని మొన్న రాశాను. అది తప్పు. చట్టాల అసలు పాఠం చూస్తే, రెండింటిని కలిపేశానని తేలింది.

పేదింటి పిల్లల కోసం 1994లో వచ్చిన 7687వ చట్టం అడిగేది వేరు: ఎన్నేళ్లు డబ్బు తీసుకుంటే కనీసం అన్నేళ్లు దేశంలోనే, వీలైతే సొంత ప్రావిన్సులో, చదివిన రంగంలో పనిచేయాలి. ప్రైవేటు కంపెనీ అయినా పర్వాలేదు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ పట్టా చేతికి రాగానే సింగపూర్ విమానం ఎక్కేస్తే మాత్రం సొమ్ము వడ్డీతో తిరిగి కట్టాలి. హైస్కూల్లో సైన్స్, లెక్కలు చెప్పాలన్న షరతు 2013 నాటి 10612వ చట్టానిది; అది డిగ్రీ మూడో ఏడాదిలో స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్లకు.

అదే రాతలో ఇంకో తప్పు: టిమ్స్ (దేశాల మధ్య బడిపిల్లల సైన్స్, లెక్కల స్థాయిని పోల్చే పరీక్ష) 2019లో ఫిలిప్పీన్స్‌కు వచ్చిన సైన్స్ స్కోరు 249 నాలుగో తరగతిది, నేను రాసినట్టు ఎనిమిదోది కాదు.