దీనివల్ల ఉపయోగం ఏంటి బావా?

బెంగళూరు నుంచి మా బావమరిది దిగాడు. ఈసారి స్వీట్ల డబ్బాకి బదులు ఒక సిద్ధాంతం తెచ్చాడు. ఇంట్లో వస్తువులు ఎంత తగ్గిస్తే మనసు అంత తేలికవుతుందట. కాళ్లు కడుక్కున్నాడో లేదో, తిన్నగా మా హాల్లో షోకేసు దగ్గరకెళ్లి అద్దం పక్కకి జరిపాడు.

అందులో ఉన్నది నా యావదాస్తి. విజయవాడ బీసెంట్ రోడ్డులో 'ఏది తీసుకున్నా ఇరవయ్యే' బళ్ల దగ్గర పదేళ్లుగా కూడబెట్టిందే ఎక్కువ. లోపల నీళ్లలో పడవ తేలే పెన్ను (రాయదు). నొక్కితే టిక్కుటిక్కుమనే రేకు కప్ప. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఘాటు దగ్గర కొన్న, బొటనవేలంత ఇత్తడి చెంబు. తాళం తిప్పితే మూడడుగులు నడిచి బోర్లాపడే బాతు. సంక్రాంతికి బొమ్మల కొలువులో పార్కు కట్టాలంటే ఈ జనాభా అంతా కావాలి. ఆ సంగతి మీకు కొత్తగా చెప్పాలా!

విచారణ మొదలైంది. నేల మీద మూడు కవర్లు పరిచాడు: ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి. ఒక్కో ముద్దాయినీ పైకెత్తి "దీనివల్ల ఉపయోగం ఏంటి బావా?" అని అడగడం. బాతు వంతు వచ్చింది. తాళం తిప్పాడు. మూడడుగులు, బోర్లా.

"ఇంకోసారి తిప్పరా" అంది మా అత్తయ్య.

తిప్పాడు. మళ్లీ మూడే. అయిదోసారి నాలుగో అడుగు పడింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు. వాడు మాత్రం న్యాయమూర్తి గాంభీర్యం వదలకుండా దాన్ని మూడో కవర్లో వేశాడు. వాడి చేతికి ఎన్ని అడుగులు నడిచాడో లెక్క చెప్పే వాచీ ఉంది. వేలు పోసి కొన్నాడు. మా బాతు లెక్కకి వాచీ అక్కర్లేదు. రెండు నిమిషాలకి కవర్లోంచి 'టకటకటక' అని చప్పుడు. లోపల ఇంకా తాళం మిగిలుంది పాపం.

తర్వాత కొండపల్లి బొమ్మ తీశాడు. తాడిచెట్టెక్కే గీత కార్మికుడు. ఒక చెయ్యి ఊడింది. "విరిగిపోయిందిగా" అని మూడో కవరు వైపు వంగాడు.

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. ఒరేయ్, అది తెల్లపొణికి చెక్క. ఆరబెట్టి, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతపిక్కల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూసి, ఆ పైన సన్న కుంచెతో ఒకడు కూర్చుని మీసం దిద్దాడురా! కొండపల్లి వెళ్లినప్పుడు ఆ మనిషి చెప్పిన ధరకి ముప్పై తగ్గించమని పావుగంట పీక్కుతిన్నది నువ్వే. ముప్పై రూపాయలు! ఆయన ఇంకేమీ అనకుండా కాగితంలో చుట్టి ఇచ్చాడు. నువ్వు గెలిచినట్టు నవ్వావు. పక్కన నిలబడి నేనూ నవ్వాను, సిగ్గులేక. ఇప్పుడు దాని ఉపయోగం నాకు చెప్తున్నావా?

హాలంతా నిశ్శబ్దం. అత్తయ్య లేచి మూడు కవర్లూ షోకేసులోకి బోర్లించింది.

వాడు వెళ్లాక బొమ్మకి ఫెవికాల్ పెట్టాను. చెయ్యి కాస్త పైకి అతుక్కుంది. తాడిచెట్టు మీంచి ఏలూరు రోడ్డులో షేర్ ఆటో ఆపుతున్నట్టుంది.