మీ ఒక్కరికే సార్

ఫోనెత్తిన హోటల్ మేనేజర్ గొంతులో కంగారు లేదు. నా మీద జాలి మాత్రం ఉంది. “నిన్న రాత్రి మూడొందల మంది తిన్నారు సార్. ఎవరికీ ఏం కాలేదు. మీ ఒక్కరికే సార్.”

నా గొడవంతా ఈ చివరి మాట గురించే. వాంతుల గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? బయట తిన్న పాపానికి రాత్రి రెండింటికి బాత్రూమ్ గోడకు నుదురు ఆనించి, చల్లటి టైల్‌ను మించిన ఆత్మబంధువు లేదని తెలుసుకున్నవాళ్లమే మనమంతా. మా బాత్రూమ్‌లో కుళాయి కింది టైల్‌కి ఎడమ మూల సన్నటి పగులు ఉంది. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఉంటూ దాన్ని ఆ రాత్రే చూశాను. కడుపు చేతపట్టుకుని తిరగడం అంటే పొట్టకూటి కోసం ఊళ్లు పట్టిపోవడం అనుకునేవాణ్ణి. మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య కూడా తిరగొచ్చు.

తెల్లారాక, నలుగురికీ మేలు జరుగుతుంది కదా అని ఫోన్ చేశాను. డబ్బు వెనక్కి ఇమ్మనలేదు, తిట్టలేదు. కాస్త వంటిల్లు చూసుకోండి, ఇంకెవరైనా పడిపోతారు అన్నాను. దానికొచ్చిన జవాబు అది.

అప్పటిదాకా నా కడుపు నా సొంతం అనుకున్నాను. కాదట, అదొక నియోజకవర్గం. పోలైన మూడొందల ఓట్లలో రెండొందల తొంభై తొమ్మిది ఆరోగ్యానికి పడ్డాయి, ఒక్కటి వాంతికి పడింది. డిపాజిట్ కూడా దక్కలేదు నాకు.

మరి ఆయన ఒప్పుకునేలా జబ్బు పడటం ఎలా? ఆలోచించాను. పడుకుని ఉన్నాను కాబట్టి తీరిక దొరికింది. ఆయన లెక్క ప్రకారం, రాత్రి రెండు కొట్టగానే ఊళ్లో మూడొందల ఇళ్లలో మూడొందల మంది ఒకేసారి లేవాలి. ఒకేసారి వాంతి చేసుకోవాలి. మొహం కడుక్కుని, బిల్లు వెతుక్కుని (బిల్లు పారేసుకున్నవాడి వాంతి చెల్లదు) మూసిన షట్టర్ ముందు వరసలో నిలబడాలి. మేనేజర్ గారు లుంగీలోనే రిజిస్టర్ పట్టుకుని వస్తారు. “టేబుల్ నంబర్ల ప్రకారం నిలబడండి. ఒక్క వాంతులున్నవాళ్లు ఇటు, రెండూ ఉన్నవాళ్లు అటు. తోసుకోవద్దు.” ముప్ఫై ఏడో నంబరాయన ఆపుకోలేక పక్కకి పరిగెడితే, “లైన్ తప్పారు, మళ్లీ వెనకనుంచి రండి” అంటారు. ఒకావిడ, “నాకు పొట్టలో కాస్త తిప్పుతోందంతే” అంటే, “కాస్త అనేదానికి కాలమ్ లేదమ్మా” అని కొట్టేస్తారు. తల్లి భుజం మీద వేలాడుతున్న పిల్లాణ్ణి అరగా లెక్క కడతారు. చివరికి మూడొందలో మనిషి వస్తాడు. తల దువ్వుకుని, నవ్వుతూ. “నాకేం కాలేదండీ, జనం ఉన్నారని చూడ్డానికొచ్చా.” మేనేజర్ గారు ఆయన్ని గట్టిగా వాటేసుకుంటారు. “చూశారా? ఈయనా మా కూరే తిన్నాడు!” రిజిస్టర్ మూత, షట్టర్ మూత, కేసు కొట్టివేత.

సరే, నవ్వుకున్నాం. కానీ ఆ మాట వెనకున్న కిటుకు మేనేజర్‌కి తెలియకపోయినా క్రిములకు బాగా తెలుసు. అన్నీ ఒకే టైముకి దాడి చెయ్యవు. స్టాఫిలోకాకస్ వదిలే విషం కొన్ని గంటల్లోనే పడగొడుతుంది. సాల్మొనెల్లా ఆరు గంటల్లోనూ బయటపడొచ్చు, ఆరు రోజులూ ఆగొచ్చు. కాంపిలోబాక్టర్ తీరిగ్గా రెండు నుంచి ఐదు రోజులు తీసుకుంటుంది. ఈలోగా మనిషి ఇంట్లో పది పూటలు తిని ఉంటాడు. కాబట్టి నేరం ఎప్పుడూ ఆఖరున కడుపులోకి వెళ్లినదాని మీదే పడుతుంది. మంగళవారం హోటల్లో తిన్న కూరకి శుక్రవారం ఇంట్లో తిన్న అరటిపండు జైలుకెళ్తుంది. ఫోన్ మోగలేదంటే ఎవరికీ ఏం కాలేదని కాదు. పాపం, వాళ్లంతా అరటిపండుని తిట్టుకుంటూ పడుకున్నారు.

రెండో వాదన కూడా ఉంది ఆయన దగ్గర. “అన్నీ వేడి వేడిగా ఇస్తాం సార్.” ఇస్తారు, కాదనను. నాలుక కాలింది కూడా. కానీ మధ్యాహ్నం దింపిన గిన్నె రాత్రి దాకా గట్టు మీదే ఉంటే, ఐదు డిగ్రీలకీ అరవై డిగ్రీలకీ మధ్య బాక్టీరియాకి పండగే. అనుకూలంగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఒక్కటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. తర్వాత మరిగిస్తే అవి చస్తాయి, నిజమే. అవి అప్పటికే వదిలిపెట్టిన స్టాఫిలోకాకస్ విషం మాత్రం మరిగినా చావదు. చల్లారిన అన్నంలో పెరిగే ‘బాసిలస్ సీరియస్’ అనే క్రిమి వదిలే వాంతి విషానిదీ అదే తీరు. రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. నేనైతే ఆ రాత్రి కూర బాగుందని మెచ్చుకుని మరీ వచ్చాను.

అన్నట్టు, గుడ్డ. బల్ల తుడిచిన ఆ గుడ్డ పుట్టినప్పుడు ఏ రంగులో ఉండేదో పురావస్తు శాఖవాళ్లు చెప్పాలి. పక్క బల్ల మీది ఎంగిలిని అది మా బల్లకు బట్వాడా చేసింది. తుడిచాక బల్ల అంతకుముందు కంటే తడిగా ఉంది. కాసేపటికి నా ప్లేటు వచ్చింది. అంచున గ్రేవీ ఒలికింది. కుర్రాడు ఆగాడు. కస్టమర్‌కి అలా ఇవ్వకూడదని ఎవరో నేర్పి ఉంటారు. భుజం మీంచి అదే గుడ్డ తీసి, అంచు చుట్టూ గుండ్రంగా, పసిపాప మూతి తుడిచినంత ప్రేమగా తుడిచి నా ముందు పెట్టాడు. అంతా చూశాను. చూసీ తిన్నాను. గుడ్డ దగ్గర పేచీ పెడితే చాదస్తం అంటారు కదా.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మేరీ మాలన్ మీద కూడా లేదు. న్యూయార్క్‌లో ఇళ్లల్లో వంట చేసేది. ఆమె పని చేసిన ఇళ్లల్లో టైఫాయిడ్ వచ్చేది, ఆమె మాత్రం రాయిలా ఉండేది. తను జబ్బు పడకుండానే క్రిముల్ని మోస్తోందని 1907లో పట్టుకుని ఓ దీవిలో పెట్టారు. నాకే జబ్బూ లేదు పొమ్మంది. ఇక వంట చెయ్యనని మాటిస్తే 1910లో వదిలేశారు. 1915లో మళ్లీ దొరికింది, వేరే పేరుతో, ఓ ప్రసూతి ఆసుపత్రి వంటింట్లో. అక్కడ 25 మందికి టైఫాయిడ్ సోకింది, ఇద్దరు పోయారు. 1938లో చనిపోయేదాకా ఆమెను మళ్లీ బయటికి వదల్లేదు. ‘టైఫాయిడ్ మేరీ’ అని లోకమంతా ఆ పేరును తిట్టులా వాడుకుంది. వంట మానెయ్యమన్నవాళ్లు ఆమెకి చూపించింది బట్టలుతికే పని. దానికి జీతం తక్కువ. ఈ ముక్క మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడూ అదే కదా జరుగుతున్నది! వంటవాడు పొద్దున్నే ఫోన్ చేసి విరేచనాలు అవుతున్నాయంటే, “ఇవాళ రష్ ఎక్కువ, ఏదో ఒక మాత్ర వేసుకుని వచ్చెయ్” అనేది ఎవరు? రాకపోతే ఆ రోజు కూలి కోసేది ఎవరు? వాంతులూ విరేచనాలూ తెప్పించే నోరోవైరస్ సోకితే, అన్నీ తగ్గిపోయాక కూడా కనీసం 48 గంటలు వంటింటి గడప తొక్కకూడదు. హోటల్ యజమానులూ, ఆ రెండు రోజుల జీతం ఇవ్వడానికి మీకు చేతులు రావు. గుమ్మం దగ్గర శానిటైజర్ సీసా పెట్టి చేతులు దులుపుకుంటారు. ఆ వైరస్ శానిటైజర్‌కి పెద్దగా లొంగదు. దానికి సబ్బూ నీళ్లూ కావాలి. గోడ మీద జలపాతం పారించడానికి డబ్బుంది, వంటవాళ్లు చేతులు కడుక్కునే చోట సబ్బు పెట్టడానికి ఏం రోగం మీకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో వేసిన అంచనా ప్రకారం కలుషితాహారంతో ఏటా 60 కోట్ల మంది జబ్బు పడుతున్నారు, 4,20,000 మంది చచ్చిపోతున్నారు. వాళ్లలో 1,25,000 మంది ఐదేళ్లు నిండని పిల్లలు. అంతా హోటళ్ల పాపమే అనను, ఇంటి వంటిళ్లదీ ఉంది. కానీ ఆ పిల్లలెవరూ ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యరు. చెయ్యలేదు కదా అని ఏం కానట్టేనా?

బీపీ పెరుగుతోంది. కడుపు ఇంకా పూర్తిగా కుదురుకోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్లాను. పక్క కుర్చీలో ఒకాయన నాలాగే ముందుకి వంగి, ఓఆర్‌ఎస్ డబ్బాలోని స్ట్రా కొరుకుతూ కూర్చున్నాడు. చూడగానే తోడబుట్టినవాణ్ణి చూసినట్టయింది. “నిన్న రాత్రి ఎక్కడ తిన్నారండీ?” అన్నాను. చెప్పాడు. అదే హోటల్! లేచి ఆయన చేతులు పట్టుకున్నాను.

“అబ్బే, దానివల్ల కాదండీ,” అన్నాడు ఆయన మెల్లగా చేతులు విడిపించుకుంటూ. “నేనూ ముందు అలాగే అనుకుని పొద్దున ఫోన్ చేశా. మూడొందల మంది తిన్నారట. నా ఒక్కడికేనట.”