ఎల్ఈడీ కాలకుండా సర్క్యూట్లు ఎలా నేర్పుతార్రా బాబూ

ఇందాకే మా అక్క కొడుకు ఫోన్ పట్టుకొచ్చి చూపించాడు, సర్క్యూట్లు నేర్పే యాప్ అంట. 9 వోల్టుల బ్యాటరీకి ఎర్ర ఎల్ఈడీ డైరెక్టుగా తగిలించాడు, మధ్యలో కరెంటుని అదుపులో పెట్టే రెసిస్టర్ లేదు, ఏం లేదు. అది చక్కగా వెలిగింది, స్క్రీన్ నిండా స్టార్లు, నెక్స్ట్ లెవెల్‌కి పొమ్మంది. ఒళ్ళు మండిపోయింది నాకు!

నిజం బ్యాటరీకి అలా కలిపితే ఆ ఎల్ఈడీ పని అయిపోయినట్టే. ఎర్ర ఎల్ఈడీ మీద పడేది సుమారు 2 వోల్టులు, మామూలుదానికి 20 మిల్లీ ఆంపియర్లు చాలు, మరి మిగతా 7 వోల్టులు ఎక్కడికి పోవాలి? రెసిస్టర్ ఉండేది అందుకే కదా. 7 వోల్టుల్ని 0.02 ఆంపియర్లతో (ఆ 20 మిల్లీ ఆంపియర్లే) భాగిస్తే 350 ఓములు, దొరికే విలువల్లో 360 వేస్తే సరిపోతుంది. పిల్లాడు నేర్చుకోవాల్సిందంతా ఈ ఒక్క లెక్కలో ఉంటే దాన్నే ఎత్తేశారు. 3 వోల్టుల కాయిన్ సెల్‌కి రెసిస్టర్ లేకుండానే వెలుగుతుందిగా అని కామెంట్లలోకి రాకండి, అది ఆ సెల్ లోపలి రెసిస్టెన్సు పుణ్యం, ఆ సంగతి కూడా యాప్ చెప్పదు.

చెయ్యలేక కాదు. కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ (PhET) సర్క్యూట్ సిమ్యులేషన్ బ్రౌజర్‌లో ఫ్రీగా ఉంది, బ్యాటరీ రెండు చివర్లూ ఉత్త వైరుతో కలిపితే మంటలొస్తాయి అందులో. ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లలే వైరు పీకేస్తారు. ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్‌లో అయితే కరెంటు చుక్కలు చుక్కలుగా వైర్లలో కదులుతూ కనిపిస్తుంది, రెసిస్టెన్సు పెంచితే చుక్కలు నెమ్మదిస్తాయి. స్టార్లు లేవు, లెవెల్స్ లేవు, అర్థం మాత్రం అవుతుంది.

ఈ యాప్‌లో ఇంకో దారుణం, కరెంటు కొలిచే అమ్మీటర్ కావాలంటే ప్రీమియం అంట! థర్మామీటర్ దాచేసి జ్వరం గురించి పాఠం చెప్పినట్టుంది.

అయినా యాప్‌ని అని ఏం లాభం, మాకు స్కూల్లో చెప్పింది మాత్రం ఏముంది? త్రికోణం గీసి పైన వీ (వోల్టేజి), కింద ఐ (కరెంటు), ఆర్ (రెసిస్టెన్సు) పెట్టి, కావాల్సినదాని మీద వేలు మూస్తే ఫార్ములా వస్తుందన్నారు. అంతే, ఓమ్ నియమం అయిపోయింది. ఎన్ని తీగలు మార్చి మార్చి కొలిచి 1827లో పుస్తకం రాశాడో ఆ ఓమ్ అనే మనిషి, మాకు మిగిలింది వేలు మూసే ఆట. బల్బు కొంత కరెంటు తినేసి మిగతాది పంపిస్తుందనే మాలో చాలామంది స్కూలు దాటేశాం, ఇంజనీరింగ్‌లో కూడా అదే నమ్మకంతో ఉన్నవాళ్ళని చూశాను. వచ్చిన కరెంటంతా పోవాల్సిందేనని కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త 1845లోనే చెప్పేశాడు కదా! బల్బుకి ముందొక అమ్మీటర్, తర్వాతొక అమ్మీటర్ పెట్టి చూపిస్తే రెండు నిమిషాల పని. మా ల్యాబ్‌లో రెండూ ఉండేవి, అద్దాల బీరువాలో, తాళం వేసి. ఓ అబ్బాయి ధైర్యం చేసి అడిగితే అది పరీక్షలో రాదు కూర్చో అన్నారు.