పీజేఆర్ తర్వాత ఖైరతాబాద్

గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు నుంచి కొండాపూర్ వైపు వెళ్లే ఫ్లైఓవర్‌కు 2025 జూన్‌లో ఖైరతాబాద్ మాజీ ఎమ్మెల్యే, కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) పేరు పెట్టారు. ఐటీ కొలువులకు కార్లలో వెళ్లేవారి వంతెన అది. పాత ఖైరతాబాద్ బస్తీల్లో పీజేఆర్ అంటే వంతెన గుర్తుకు రాదు. నల్లా ముందు వరుస కట్టిన బిందెలు, ఇంటి పట్టా, చేతిలో అర్జీ గుర్తుకొస్తాయి.

1978, 1985, 1989, 1994, 2004... అయిదుసార్లు అక్కడి నుంచే గెలిచారు. 1999లో మాత్రం సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు చేతిలో ఓడిపోయారు. అంతకు ముందు సంవత్సరమే ఆ నియోజకవర్గం పడమటి కొసన హైటెక్ సిటీ వెలిసింది. ఓటమికి కారణం అదేనని అనను, ఆ ఏడు రాష్ట్రమంతా తెలుగుదేశం గాలి వీచింది. కానీ నగరం ఎటు జరుగుతోందో అప్పుడే తెలిసిపోయింది.

2004లో సొంత పార్టీ గద్దెనెక్కినా వైఎస్ మంత్రివర్గంలో ఆయనకు చోటు దక్కలేదు. అయినా నోరు మూసుకుని కూర్చోలేదు. శ్రీశైలం జలాశయం నుంచి రాయలసీమకు నీళ్లు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడు విస్తరణను అధికార పక్షంలో ఉండే వ్యతిరేకించారు. ఇవాళ ఏ పార్టీలోనైనా అలాంటి ఎమ్మెల్యేను వెతికి పట్టుకోవడం కష్టం.

2007 డిసెంబరు 28న గుండెపోటుతో ఆయన పోయారు. ఉప ఎన్నికలో కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు. 2009కి నియోజకవర్గాల పునర్విభజన వచ్చి ఆ మహా నియోజకవర్గం ముక్కలైంది. జూబ్లీహిల్స్, శేరిలింగంపల్లి వేరయ్యాయి. బస్తీ ఒకచోట, హైటెక్ సిటీ మరోచోట పడ్డాయి. ఒకే మనిషి రెండింటికీ జవాబు చెప్పాల్సిన అవసరం తీరిపోయింది. పీజేఆర్ వారసత్వానికి తగిలిన అసలు దెబ్బ ఇదేనని నా అభిప్రాయం.

ఆయన వైపు లోపమూ ఉంది. పనులు జరిగింది ఆయన పలుకుబడితో, ఆయన గొంతుతో. ఆ గొంతు ఆగాక అర్జీ పట్టుకున్నవాడు మళ్లీ ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పేదలకు పెద్దదిక్కు అయిన ఏ నాయకుడి విషయంలోనైనా ఇదే చిక్కు. దిక్కు మిగలదు, పేరు మిగులుతుంది.

ఆ పేరు కూడా చీలింది. 2023 ఎన్నికల నాటికి కుమారుడు బీఆర్ఎస్‌లో చేరారు. అదే బీఆర్ఎస్ నుంచి అంతకు ముందే బయటికొచ్చిన కుమార్తె విజయారెడ్డి, ఖైరతాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడి ఓడిపోయారు.