గుండ్రంలో కూర్చున్న ‘ఆర్’ గారికి

రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ గుర్తు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు మాత్రం, బ్రాండు పేర్లన్నీ మామూలు మాటలైపోతున్నాయని టెన్షన్‌లో ఉన్నారని తెలిసింది.

బ్రాండు పేరు కుడి భుజానికి కాస్త పైన, చిన్న సున్నా చుట్టుకుని అందులో ఒదిగి కూర్చుని, ఈ పేరు ఫలానా కంపెనీదే అని కాపలా కాసే అక్షరం మీరే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. కంపెనీలకు రాస్తే జవాబు లాయరు నుంచి వస్తుంది.

మీకున్న లోపం ఒక్కటే. మిమ్మల్ని రాయొచ్చు, అచ్చువేయొచ్చు, పలకడం మాత్రం ఎవరి తరమూ కాదు. నేను ‘జిరాక్స్’ అన్నప్పుడు ఆ మాట భుజం మీద మీరున్నారో లేరో వినేవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి? కాపలా కాగితం మీద, దొంగతనం నోట్లో. ఇక పట్టుకునేదెలా?

అసలు మీ యజమానుల సంగతే నాకు అంతుపట్టదు. తమ పేరు జనం నోళ్లలో నానాలని ఏళ్ల తరబడి ప్రకటనల మీద డబ్బు పోస్తారు. తీరా నానాక, ‘బాబ్బాబు, అలా అనకండి’ అని బతిమాలుతూ ఇంకో విడత ప్రకటనలు. జిరాక్స్ వాళ్లు పత్రికల్లో వేయించింది అవే. వాళ్ల లెక్క ప్రకారం మనం జిరాక్స్ చేయకూడదు, జిరాక్స్ బ్రాండు మెషీన్ మీద కాపీ తీసుకోవాలి. ఇలాంటి పేర్ల కోసం లాయర్లు రాసుకున్న వ్యాకరణం ఒకటుంది: పేరు ఎప్పుడూ విశేషణంగానే ఉండాలి, నామవాచకం కాకూడదు, క్రియ కాకూడదు, బహువచనం అసలే కూడదు. ఈ వ్యాకరణం తెలుగుకి ఎవరు నేర్పాలి? ఇక్కడ ఏ మాట పక్కన ‘చెయ్యి’ పెట్టినా క్రియ అయి కూర్చుంటుంది, వెనక ‘లు’ తగిలిస్తే బహువచనం. ‘గూగుల్ చెయ్యి’, ‘ఫోటోషాప్ చేశారు’, ‘నాలుగు జిరాక్సులు తీయించు’. మూడు ముక్కల్లో ముగ్గురు యజమానులకు కడుపుమంట.

నేనూ ఒకరోజు బుద్ధిగా మాట్లాడి చూద్దామని, ‘ఈ పేజీకి ఫోటోకాపీ యంత్రం మీద ఒక ప్రతి తీసి ఇస్తారా?’ అని ఆఫీసులో పక్క సీటాయన్ని అడిగాను. ఆయన కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, ‘జిరాక్సేగా?’ అన్నాడు.

బూట్లకీ బ్యాగులకీ ఉండే, అతికించి చర్రున ఊడదీసే పట్టీల వెల్క్రో వాళ్లయితే 2017లో ఏకంగా పాటే కట్టించారు. పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది, అలాంటి పట్టీ ఎవరైనా తయారుచేసుకోవచ్చు, మాకు మిగిలింది పేరొక్కటే, దయచేసి ఆ పట్టీని ‘హుక్ అండ్ లూప్’ అనండి అని మొర. పాట బాగుంది. మాట మారలేదు.

మీ జాతకం మహా విచిత్రమండీ. పేటెంటుకి మామూలుగా 20 ఏళ్లే ఆయుష్షు. మీరలా కాదు, చాలా దేశాల్లో 10 ఏళ్లకోసారి ఫీజు కట్టుకుంటూ పోతే చిరంజీవులు. గండాలు మాత్రం రెండున్నాయి. ఎవరూ వాడకపోతే పోతారు, అందరూ వాడేసినా పోతారు.

అలా పోయినవాళ్లలో నాకు ఎస్కలేటర్ మీదే జాలి ఎక్కువ. ఆ పేరు చార్లెస్ సీబర్గర్ అనే అమెరికా ఆవిష్కర్త కల్పించాడు. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో లిఫ్టులు చేసే ఓటిస్ కంపెనీ ఆ కదిలే మెట్లను చూపించింది. 1950లో అమెరికా పేటెంట్ ఆఫీసు ఆ పేరు ఇక అందరిదీ అని తేల్చేసింది. సాక్ష్యం ఎక్కడ దొరికిందంటారు? ఓటిస్ సొంత ప్రకటనల్లోనే! వాటిలో వాళ్లే ఆ మాటను ఎలివేటర్ పక్కన మామూలు మాటలాగా రాసుకున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఇక్కడ పట్టేశారు.

ఆస్పిరిన్ కథ వేరు. 1899లో జర్మనీ మందుల కంపెనీ బేయర్ పెట్టుకున్న పేరది. మందు అసలు పేరు అసిటైల్ శాలిసిలిక్ యాసిడ్. తలనొప్పితో ఉన్నవాడు ఆ పేరు పలకగలడా? పలికాక తలనొప్పి తగ్గుతుందా? 1921లో అమెరికాలో న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్, సామాన్య జనానికి ఆస్పిరిన్ అంటే మందు పేరే తప్ప కంపెనీ గుర్తు కాదన్నారు. సరిహద్దు దాటి కెనడాలో అడుగుపెడితే మాత్రం అది ఇప్పటికీ బేయర్ సొత్తే, భుజం మీద మీరే. అన్నట్టు, హెరాయిన్ కూడా ఒకప్పుడు ఆ కంపెనీ దగ్గు మందుకి పెట్టుకున్న బ్రాండు పేరే. ఆ భుజం మీద మళ్లీ కూర్చోవాలని మీకేమైనా ఉందా?

థర్మాస్ తీర్పు మరీ ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లిషులో పెద్ద అక్షరంతో మొదలుపెడితే కంపెనీది, చిన్న అక్షరంతో రాస్తే లోకానిది అని 1963లో అమెరికా అప్పీలు కోర్టు సర్ది చెప్పింది. తెలుగు లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు. మేం ఎటువైపు రాస్తున్నామో ఆ జడ్జీలే చెప్పాలి.

మీకు ఊరట కలిగించే వార్త కూడా ఒకటుంది. జనం క్రియగా వాడినంత మాత్రాన గూగుల్ పేరు చచ్చిపోదని 2017లో అమెరికా అప్పీలు కోర్టు అంది. అంతకుముందు స్వీడన్ భాషా మండలి, ‘గూగుల్‌లో దొరకనిది’ అనే అర్థమొచ్చే మాటను కొత్త మాటల జాబితాలో చేర్చి, కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 2013లో తీసేసింది. దొరకనిది అనే ఆ మాట ఇప్పుడు వెతికితే ఇట్టే దొరుకుతుంది.

ఉంటాను.

ఇట్లు,
భుజం మీద ఏ గుర్తూ లేని ఒక మనిషి

తా.క.: ఈ ఉత్తరానికి రెండు జిరాక్సులు తీసి దగ్గర పెట్టుకున్నాను. తీసేటప్పుడు చూశాను, ఆ మెషీన్ మీద ఉన్నది వేరే కంపెనీ పేరు. దాని భుజం మీద కూడా మీరే ఉన్నారు.